సుద్దగీత తెగిన చోట

"నేను రానని మీ బాబాయికి చెప్పు."

నాన్న ఆ మాట గోడకి చెప్పినట్టు చెప్పాడు. బాబాయి అదే గదిలో, నాన్నకి మూడడుగుల దూరంలో, అద్దం ముందు నిలబడి కోటు గుండీలు పెట్టుకుంటున్నాడు.

విన్నాడు. అయినా నా వైపు చూశాడు. నేను చెప్పేదాకా వినబడనట్టే ఉండాలని నిన్న సాయంత్రం నుంచి ఇద్దరికీ ఒక ఒప్పందం. అదీ మాట్లాడుకోకుండానే కుదిరింది.

"నాన్న రాడట బాబాయ్," అన్నాను.

"ఎందుకు రాడో అడుగు పిల్లీ. పదకొండింటికి ఆ బయటి దేశం నౌకాదళం వాళ్ళు వస్తున్నారని తెలుసా అని అడుగు. పన్నెండు తలుపుల ఆర్డరు కోసం ఎనిమిది నెలలు ఉత్తరాలు రాస్తే ఒక్క పావుగంట ఇచ్చారని తెలుసా అని అడుగు. ఓడల ప్రదర్శనకి ఇవాళే ఆఖరి రోజని తెలుసా అని అడుగు."

అడుగుల చప్పుడు వినబడదని నన్ను పిల్లి అంటాడు బాబాయి. ఒక్కసారే ఇన్ని అడగమంటే నాకు నోరు పెగలదు. అన్నిట్లోకీ చిన్నదాన్ని ఏరుకున్నాను.

"ఎందుకు రావు నాన్నా?"

నాన్న మంచం అంచున కూర్చుని పనిముట్ల సంచి సర్దుతున్నాడు. పానాలన్నీ తీసి పక్కన పెట్టాడు. మళ్ళీ ఒక్కొక్కటే లోపల పెట్టాడు. పొద్దున్నించీ ఇది మూడోసారి.

"రబ్బరుకి రంగు పూసినవాణ్ణే పోయి నిలబడమను. ఇరవై రెండేళ్ళు ఓడలకి తలుపులు చేశాను. ఒక్క తలుపుకీ రబ్బరు మీద రంగు చుక్క పడనివ్వలేదు. రంగు పూస్తే రబ్బరు బిగుసుకుపోతుంది. బిగుసుకుపోతే అంచు కూర్చోదు. అంచు కూర్చోకపోతే నీళ్ళొస్తాయి. ఇది మన వీధిలో కుక్కకి కూడా తెలుసు."

"కుక్క కొనదు పిల్లీ," అన్నాడు బాబాయి అద్దంలోకి చూస్తూనే. "అది చెప్పు మీ నాన్నకి. పోయినేడు ఇదే ప్రదర్శనకి పచ్చి ఇనుము తలుపు తెచ్చి పెట్టాం. మూడు రోజులు. ఎంతమంది ఆగారు? దారి అడగడానికి ఇద్దరు, ఫోను మాట్లాడుకోవడానికి ఒకడు. ఈసారి నీలం రంగు మెరుస్తోంది కాబట్టే మొదటిరోజు మూడొందల మంది ఆ తలుపు తీసి వేసి చూశారు. చూడందే ఎవడు కొంటాడు?"

"పైన పటారం, లోన లొటారం," అన్నాడు నాన్న.

ఈ మాట నేను మోసుకెళ్ళక్కర్లేకపోయింది. బాబాయి చేయి మూడో గుండీ దగ్గర ఆగింది. కాసేపటికి గుండీ పెట్టుకుని తలుపు తీశాడు.

"పద పిల్లీ. సుద్దముక్కల డబ్బా తెచ్చుకో. మనిద్దరం చాలు."

నేను నాన్న వైపు చూశాను. నాన్న సంచిలోంచి పానాలు మళ్ళీ తీస్తున్నాడు.

*

బస మెట్లు దిగుతుంటే అమ్మ ఫోను వచ్చింది. బాబాయి నాలుగు మెట్లు ముందున్నాడు. నేను గొంతు తగ్గించాను.

"మాట్లాడుకున్నారా?"

"లేదమ్మా."

"అన్నం తిన్నారా?"

"తిన్నారు. వేరేవేరే బల్లల దగ్గర."

 అమ్మ వెనకాల గిన్నెల చప్పుడు వినబడుతోంది. మా వంటింట్లో అంత చప్పుడు ఎప్పుడూ ఉండదు.

"పిన్ని గిన్నెలు విడదీస్తోంది," అంది అమ్మ. "తను తెచ్చుకున్నవి ఒక పక్క, నావి ఒక పక్క. ఏడుస్తూ తోముతోంది. నేను వద్దనలేదు, సరేననలేదు. ఆర్డరు రాకపోతే బాబాయి ఆ పెద్ద కంపెనీలో చేరిపోతాడట కదా. నిన్న తనకి ఫోన్లో మళ్ళీ అదే చెప్పాడట."

నాకు తెలుసు. అందరి ముందూ ఇంట్లోనే అన్నాడు బాబాయి ఆ మాట, బయల్దేరే రోజున. మన దేశపు ఓడల తలుపులన్నీ ఇప్పుడు పెద్ద కంపెనీవాళ్ళే చేస్తున్నారు, బయటి దేశం వాళ్ళు ఒక్కరైనా మనవి కొనకపోతే మన తలుపుల షెడ్డులో ఇద్దరికి పని లేదు, నేను వెళ్ళిపోతాను అన్నాడు. వెళ్ళిపోవడమంటే ఊరు మారడం. పిన్ని కూడా.

మా ఇంట్లో నాతో మాట్లాడేది పిన్ని ఒక్కతే. నాన్నకి పని, అమ్మకి ఇల్లు. బళ్ళో నేను చివరి బల్ల. సాయంత్రం పిన్ని జడ వేస్తూ, "ఇవాళ ఎన్ని మాటలు మాట్లాడావే?" అని అడుగుతుంది. నేను లెక్క చెబుతాను. పదికి తక్కువైతే నెత్తిన మొట్టికాయ. ఆ మొట్టికాయ కోసం కొన్ని రోజులు తక్కువే చెప్పేదాన్ని.

"పిన్నికి ఇవ్వనా ఫోను?" అంది అమ్మ.

"వద్దు," అన్నాను. ఫోను పెట్టేసి బాబాయి వెనకాల మెట్లు దిగాను.

*

ప్రదర్శన హాలు ఎంత పెద్దదంటే, ఈ చివర నిలబడితే ఆ చివర మనుషులు చీమల్లా కనిపిస్తారు. గాజు పెట్టెల్లో బొమ్మ ఓడలు. తెల్ల దుస్తుల అధికారులు గుంపులు గుంపులుగా నడుస్తుంటారు. ఒక్కో గుంపు ముందు ఒకరు చేతిలో జాబితా పట్టుకుని, ఏ స్టాలులో ఎన్ని నిమిషాలో చూసుకుంటూ ఉంటారు. జాబితాలో లేని స్టాలు వాళ్ళ కంటికి గోడతో సమానం.

మా స్టాలు మూడడుగులు వేస్తే అయిపోతుంది. మధ్యలో మా తలుపు. ఇనుప చట్రంలో, నేల మీద, ఏ గోడా లేకుండా ఒంటరిగా నిలబడి ఉంటుంది. తీస్తే ఏ గదీ రాదు. ఇటునుంచి అటు వెళితే మళ్ళీ అదే తివాచీ. వచ్చినవాళ్ళు అటూ ఇటూ దాటి ఫొటోలు తీయించుకుని, ఊరికే ఇచ్చే పెన్ను పట్టుకుని వెళ్ళిపోతారు.

ఎదురుగా పెద్ద కంపెనీ. వాళ్ళ స్టాలు మా ఇంటికన్నా పెద్దది. గోడంత తెర మీద సముద్రం ఎప్పుడూ పొంగుతూ ఉంటుంది. కాఫీ మిషను ఉంది. వాళ్ళ పెద్దమనిషి, బూడిద రంగు కోటాయన, ఈ మూడు రోజుల్లో బాబాయిని రెండుసార్లు కాఫీకి పిలిచాడు. నాన్నని ఒక్కసారి కూడా పిలవలేదు.

ఇవాళ కూడా మమ్మల్ని చూసి అక్కణ్ణించే చేయెత్తాడు. బాబాయి తల ఊపి, గబగబా మా స్టాలు వెనక తెరలా కట్టిన గుడ్డ చాటుకి వెళ్ళాడు.

నాకు చేతులు ఊరుకోవు. షెడ్డులో ప్రతి తలుపుకీ సుద్ద పట్టేది నేనే. ఎనిమిదేళ్ళప్పుడు నాన్న నేర్పాడు. చట్రం అంచు మీద చుట్టూతా సుద్ద రాయాలి. తలుపు వేసి, ఆరు పిడులూ బిగించి, మళ్ళీ తీయాలి. తలుపుకున్న రబ్బరు పట్టీ మీద తెల్ల గీత పడుతుంది. గీత చుట్టూతా తెగకుండా వస్తే నీరు చొరదు. ఎక్కడ తెగితే అక్కడ సముద్రం ఉన్నట్టే.

నీలం చట్రం అంచు మీద సుద్ద రాశాను. తలుపు వేశాను, బిగించాను, తీశాను.

కింది మూల, తలుపుని చట్రానికి పట్టే బందు వైపు, గీత లేదు. జానెడు మేర లేదు.

వంగి చూశాను. రెండు రోజులుగా వందలమంది తీసి వేసిన చోట రంగు పెచ్చులు లేచింది. పెచ్చు లేచిన చోట గుంట పడింది. వేలితో నొక్కాను. రబ్బరు మెత్తగా లోపలికి పోవాలి. గోరు నొప్పి పుట్టింది.

"బాబాయ్."

వచ్చాడు. చూశాడు. నాకన్నా ముందే అతనికి అర్థమైంది. అతనూ ఆ షెడ్డులో పెరిగినవాడే.

"తుడిచెయ్యి," అన్నాడు.

"నాన్నకి చెప్పనా?"

"చెబితే ఏం చేస్తాడు? నెత్తి మీద చేతులు పెట్టుకుని, నేను ముందే చెప్పానంటాడు. నాకది వినే ఓపిక లేదు." గొంతు తగ్గించాడు. "ప్రదర్శనల్లో సుద్ద ఎవరూ అడగరు పిల్లీ. కాయితాలు అడుగుతారు, తేదీలు అడుగుతారు. నేను చెబుతాను కదా."

"అడిగితే?"

బాబాయి అటూ ఇటూ చూశాడు.

"అడిగితే ఆ మూల కొంచెం ఒత్తి రాయి."

ఆ కిటుకు తెలుసు నాకు. సుద్ద మందంగా రాస్తే గుంటలోకి కూడా పొడి రాలుతుంది. గీత తెగినా తెగనట్టే కనిపిస్తుంది. తెలియకుండా అలా ఒకసారి చేశాను, పదేళ్ళప్పుడు. నాన్న కొట్టలేదు. తిట్టలేదు. ఆ తలుపు దగ్గరికి నన్ను తీసుకెళ్ళి, "దీని వెనకాల ఎవరో నిద్రపోతుంటారు," అన్నాడు. అంతే. ఆ రాత్రి నేను నిద్రపోలేదు.

"నీ చేతిలో ఉంది," అన్నాడు బాబాయి. అతను బెదిరించలేదు. బతిమాలినట్టే అన్నాడు. "మీ పిన్ని అక్కడ గిన్నెలు సర్దుకుంటోంది. నాకు మాత్రం వెళ్ళాలని ఉందా?"

నేను గీత తుడిచేశాను.

*

పదకొండుకి పది నిమిషాలుందనగా నాన్న కనిపించాడు.

స్టాలుకి రాలేదు. ఎదురు వరసలో స్తంభం పక్కన నిలబడ్డాడు, భుజాన పనిముట్ల సంచి. చుట్టూ కోట్లూ యూనిఫాములూ. నాన్న ఒక్కడే కాలరు నలిగిన చొక్కాలో ఉన్నాడు. నన్ను చూశాడు. దగ్గరికి రమ్మని నేనూ పిలవలేదు, తనూ కదల్లేదు.

అంత మందిలో మా ముగ్గురమే మూడు చోట్ల నిలబడి ఉన్నాం.

ఆ దేశం వాళ్ళు సరిగ్గా పదకొండింటికి వచ్చారు. ముగ్గురు. ముందు ఒక ముసలి అధికారి, పొడుగ్గా, ఎండిపోయిన మొహం. పక్కన ఫైలు పట్టుకున్నాయన. వాళ్ళ మాటని మన మాటలోకి మార్చి చెప్పే ఆమె ఒకరు. ఆమె చెప్పులు నొక్కుతున్నాయేమో, ఆగినప్పుడల్లా ఒక మడమ పైకి తీసేది.

బాబాయి మాట అందుకున్నాడు. ఎంత బాగా మాట్లాడతాడంటే, మా షెడ్డు గురించి నాకే కొత్తగా అనిపించింది. ఇరవై రెండేళ్ళు, ఇన్ని ఓడలు, ఏడాదికి ఇన్ని తలుపులు, ఇంత తొందరగా ఇవ్వగలం. ఆమె మార్చి చెబుతోంది. ఫైలాయన రాసుకుంటున్నాడు.

ముసలాయన వినడం లేదు. తలుపు చుట్టూ తిరుగుతున్నాడు. పిడుల్ని ఒక్కొక్కటే తిప్పాడు. తీశాడు. వేశాడు. రబ్బరు మీద వేలు పెట్టి ఒక్క క్షణం ఆగాడు. తర్వాత రెండు మాటలన్నాడు.

"సుద్ద ఉందా అని అడుగుతున్నారు," అంది ఆమె.

బాబాయి నవ్వాడు. మొహం మీది నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళు నా దగ్గరికొచ్చాయి.

"ఉంది. మా అన్నయ్య కూతురు. మా షెడ్డులో సుద్ద పట్టేది ఈ పిల్లే."

ముసలాయన నన్ను మొదటిసారి చూశాడు.  డబ్బా మూత రావడానికి రెండుసార్లు లాగాల్సి వచ్చింది.

పై నుంచి మొదలుపెట్టాను. పై అంచు, బందు లేని వైపు, కిందికి. సుద్ద చప్పుడు నాకొక్కదానికే వినబడుతోంది. కింది అంచు. కింది మూల వస్తోంది. స్తంభం దగ్గర నాన్న. నా వెనకాల బాబాయి ఊపిరి. ఎక్కడో వంటింట్లో పిన్ని గిన్నెలు.

ఒత్తితే చాలు. వేలు కొంచెం బిగిస్తే చాలు.

దీని వెనకాల ఎవరో నిద్రపోతుంటారు.

చేయి ఎప్పటిలాగే పోయింది. పలచగా, ఒకే ఒత్తిడితో, మూల తిరిగి పైకి.

తలుపు వేశారు. ముసలాయనే ఆరు పిడులూ బిగించాడు. తీశాడు. వంగి చూడ్డానికి అతనికి కాస్త సమయం పట్టింది, ఒక చేయి మోకాలి మీద ఆనించుకున్నాడు.

గీత తెగిన చోట అతని వేలు ఆగింది. జానెడు మేర వేలితోనే కొలిచాడు. లేచి నా వైపే తిరిగాడు.

"ఇది నీకు ముందే తెలుసా అని అడుగుతున్నారు," అంది ఆమె. ఆమె గొంతు మెత్తగా అయింది.

 లేదంటే అబద్ధం. అవునంటే తర్వాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు.

"తెలుసు," అన్నాను.

"ఎవరికైనా చెప్పావా?"

అడకత్తెరలో పోకచెక్క అని అమ్మ అంటుంటే నవ్వేదాన్ని. నేల చూశాను. తివాచీ మీద సుద్దపొడి పడింది. దాన్నే చూస్తూ ఉన్నాను. 

"నాకు చెప్పింది," అన్నాడు బాబాయి.

ఆమె వెంటనే మార్చి చెప్పలేదు. చెప్పమంటారా అన్నట్టు చూసింది.

"చెప్పండి. పొద్దున్న నాకు చెప్పింది. తుడిచెయ్యమన్నాను. రబ్బరుకి రంగు పూయించింది కూడా నేనే. మా అన్నయ్య వద్దన్నాడు. అతను చేసిన తలుపులో తప్పు లేదు. తప్పు పైన పూసినదాంట్లో ఉంది."

ఆమె అదంతా చెప్పింది. ముసలాయన మొహంలో ఏమీ మారలేదు. వాచీ చూసుకున్నాడు. ఫైలాయన జాబితాలో ఏదో కొట్టేశాడు. ఆ గీత కొట్టిన చప్పుడు నాకు సుద్ద చప్పుడుకన్నా గట్టిగా వినబడింది.

ముసలాయన వెళుతూ ఏదో అన్నాడు.

"నాలుగున్నరకి తాము బయటికెళ్ళేది మళ్ళీ ఈ దారినే అంటున్నారు," అంది ఆమె. ఇంకేమైనా ఉందేమోనని చూశాను. అంతే ఉంది. ఆమె మడమ చెప్పులోకి దూర్చుకుని వాళ్ళ వెనకాల వెళ్ళిపోయింది.

*

బాబాయి స్టూలు మీద కూలబడ్డాడు. నాలుగున్నర మాట విన్నాడేమో, స్తంభం దగ్గర్నించి నాన్న వచ్చాడు.

తలుపు ముందు గొంతుక్కూర్చుని కింది మూల చూశాడు. బాబాయి నేల వైపు చూస్తున్నాడు, వినడానికి సిద్ధపడినట్టు. నేను ముందే చెప్పాను అనే మాట ఎప్పుడొస్తుందా అని నేను కూడా బిగుసుకుని ఉన్నాను.

నాన్న సంచి విప్పాడు. పానాల అడుగున, పాత గుడ్డలో చుట్టి, నల్ల రబ్బరు పట్టీ ఒక చుట్ట. కొత్తది. రంగు తగలనిది. దాన్ని మంచం మీద మూడుసార్లు సంచి సర్దినప్పుడు కూడా నాన్న బయటికి తీయలేదు.

"తెచ్చావా?" అన్నాడు బాబాయి. నా ద్వారా కాదు. నోరు జారింది.

నాన్న చుట్ట నేల మీద పెట్టాడు. బందు మేకుల కింద సుత్తితో తట్టడం మొదలుపెట్టాడు. ఆ తలుపు ఇద్దరు మోస్తే గానీ లేవదు. పై మేకు ఊడొచ్చింది. కింది మేకు ఊడొచ్చింది. నాన్న తలుపు అంచు రెండు చేతులా పట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు.

"పట్టు."

బాబాయి లేచాడు. కోటు విప్పి నా చేతిలో పెట్టాడు. చొక్కా చేతులు మడిచాడు. ఇద్దరూ కలిసి తలుపుని తివాచీ మీద పడుకోబెట్టారు.

ఆ తర్వాత దాదాపు అయిదు గంటలు వాళ్ళు మాట్లాడుకున్న మాటలు నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను. ఎత్తు. తిప్పు. కత్తి. ఇటు కాదు. ఆ. చాల్లే.

గాడిలోంచి నీలం రబ్బరు ముక్కలు ముక్కలుగా వచ్చింది. గాడి గీకారు. బాబాయి అరచేయి కోసుకుంది, చెప్పలేదు. నాన్న చూసి జేబురుమాలు అతని పక్కన పడేశాడు. ఇచ్చినట్టు కాదు, జారిపడినట్టు. దారిన పోయేవాళ్ళు ఆగి చూశారు. ప్రదర్శనలో తలుపు విప్పి కూర్చున్న స్టాలు ఇదొక్కటే. ఒకాయన ఇదేదో ఆట అనుకుని ఫొటో తీశాడు.

రబ్బరు అతుకు మూల మీద రాకూడదు, అక్కడే బలం తక్కువ. పై అంచు మధ్యలో ఏటవాలుగా కోసి అతికారు. అతుకు మీద బాబాయి బొటనవేలు పెట్టి నొక్కిపట్టాడు. జిగురు పట్టేదాకా తీయకూడదు. నాన్న వేలు పక్కనే ఉంది. రెండు బొటనవేళ్ళూ ఒకేలా ఉంటాయి, గోరు అడ్డంగా, వెడల్పుగా. నేనెప్పుడూ గమనించలేదు.

"చిన్నప్పుడు సైకిలు ట్యూబుకి ఇలాగే..." అన్నాడు బాబాయి.

నాన్న ఊ అన్నాడు. అది మాట కిందికి వస్తుందో రాదో తెలియక లెక్కలో కలపలేదు.

నేను గుడ్డ వెనకాల స్టూలు మీద కోటు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. లోపలి జేబులో కాయితం గరగరమంది. సగం బయటికొచ్చి ఉంది. లోపలికి తోయబోతే మడత విచ్చుకుంది.

చదవకూడదు. చదివాను. పెద్ద కంపెనీ పేరు పైన. చేరడానికి ఒప్పుకుంటున్నానని కింద. అడుగున బాబాయి సంతకం. చివర తోకలా పైకి లేచే గీత అతనిదే, నా బడి కాయితాల మీద కూడా నాన్న లేనప్పుడు అతనే పెట్టేవాడు. తేదీ నిన్నటిది.

నిన్నటిదే. పదకొండింటి వాళ్ళు రాకముందుదే.

మడిచి లోపల పెట్టాను. కోటు బరువెక్కినట్టయింది.

*

నాలుగింటికి తలుపు మళ్ళీ బందుల మీద ఎక్కింది. నీలం తలుపు, నల్ల రబ్బరు. నిజం చెప్పాలంటే చూడ్డానికి అంత బాగాలేదు. ఇంట్లో తలుపులాగా ఉంది.

"అమ్మాయ్, సుద్ద," అన్నాడు నాన్న.

రాశాను. వేశాం. బిగించాం.

"వాళ్ళొచ్చేదాకా ఎవరూ తీయొద్దు," అన్నాడు నాన్న.

"రాకపోతే?" అన్నాడు బాబాయి నాతో.

"రాకపోతే మనమే తీసి చూసుకుంటామని చెప్పు."

చెప్పాను. పొద్దున్నటి ఒప్పందం మళ్ళీ మొదలైంది. పని ఉన్నంతసేపే అది ఆగింది.

హాల్లో స్టాళ్ళు విప్పుతున్నారు. బొమ్మ ఓడలు పెట్టెల్లోకి పోతున్నాయి. ఎదుటి తెర ఆరిపోయింది, సముద్రం ఉన్నచోట నల్లటి గోడ. బూడిద కోటాయన తన సంచి సర్దుకుంటూ, వాచీ చూసుకుంటూ, మా వైపు చూస్తున్నాడు. ఆయనకి రావాల్సిన కాయితం నేను భుజాన వేసుకున్న కోటులో ఉంది.

నాలుగున్నర అయింది. నాలుగూ ముప్పై అయిదు.

ముసలాయన వచ్చాడు. ఫైలాయన వెంట ఉన్నాడు. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తోంది.

 ముసలాయన తలుపు చూశాడు, నేలమీద నీలం రబ్బరు ముక్కల కుప్ప చూశాడు. బాబాయి చేతికున్న జేబురుమాలు చూశాడు. తర్వాత నాకు సైగ చేశాడు, తియ్యమని.

ఆరు పిడులూ తిప్పాను. తలుపు లాగాను.

నల్ల రబ్బరు మీద తెల్ల గీత. పై నుంచి కిందికి, మూల తిరిగి, మళ్ళీ పైకి. ఎక్కడా తెగలేదు. సన్నగా, దారంలా ఉంది.

ముసలాయన గీత వెంట వేలు పోనిచ్చాడు, చుట్టూతా, తొందర లేకుండా. వేలికి అంటిన తెలుపుని చూసుకున్నాడు. నన్ను చూసి తల ఊపాడు. ఊపాడనే అనుకుంటున్నాను, చాలా చిన్నగా.

ఫైలాయన ఒక కాయితం తీసి తలుపు అడ్డబద్ద మీద పరిచాడు. ఆమె చదివి చెప్పింది.

"పన్నెండు తలుపుల మాట ఇప్పుడు లేదు. ముందు రెండు చేసి పంపండి. మా రేవులో నీళ్ళతో పరీక్ష చేస్తాం. నిలబడితే మిగతావి. ఒక షరతు. అమ్మినవాళ్ళు తర్వాత కనబడకపోవడం మాకు అలవాటైపోయింది. అందుకని ఈ షెడ్డు నడిపేవాళ్ళు ఇద్దరూ, అయిదేళ్ళపాటు ఈ తలుపులకి మేమే జవాబుదారీ అని, ఇద్దరూ అక్కడే ఉంటామని సంతకం పెట్టాలి. ఒకరు పెడితే చెల్లదు. హాలు మూసేలోపు."

నాన్న అయిదేళ్ళు అన్న మాట దగ్గర ఒకసారి కళ్ళు ఎత్తాడు. చొక్కా జేబు తడుముకున్నాడు. మూడు రోజులు జనానికి పంచిన పెన్నుల్లో ఒక్కటి కూడా మా దగ్గర మిగల్లేదు.

"నా కోటులో ఉంది," అన్నాడు బాబాయి. "పిల్లీ, పెన్ను తియ్యి."

లోపలి జేబులో చేయి పెట్టాను. పెన్ను, దాన్ని ఆనుకుని కాయితం. వేళ్ళు రెండింటికీ తగిలాయి. బాబాయి నన్నే చూస్తున్నాడు. గరగరమన్న చప్పుడు అతనికి వినబడింది. నేను చదివానని అతనికి తెలిసిపోయింది, నా మొహంలో ఏదీ దాగదని పిన్ని ఎప్పుడూ అంటుంది.

పెన్ను ఒక్కటే తీసి ఇచ్చాను.

నాన్న ముందు పెట్టాడు. నాన్న సంతకం బడి పిల్లాడి రాతలా ఉంటుంది, అక్షరం అక్షరం విడిగా. పెట్టి, పెన్ను బాబాయి వైపు జరిపాడు.

బాబాయి పెన్ను అందుకుని కాయితం మీదికి వంగాడు. చేతికి కట్టిన జేబురుమాలు మీద ఎర్రటి మరక. పెన్ను ములుకు కాయితానికి వేలెడు పైన ఆగింది.

"మీ బాబాయికి చెప్పు..." అని మొదలుపెట్టాడు నాన్న.

నేను ఎదురుచూశాను. ఎంత పెద్ద మాటైనా సరే, ఈసారి ఒక్క ముక్క వదలకుండా మొత్తం మోసుకెళ్ళి చెప్పేదాన్నే. నాన్న పెదవులు కదిలాయి. మాట రాలేదు.

ఎదురు వరసలో బూడిద కోటాయన సంచి భుజాన వేసుకుని తివాచీ దాటి మా వైపు నడిచి వస్తున్నాడు. నా చేయి ఇంకా కోటు జేబులోనే ఉంది, ఆ కాయితం మీద.